మెడ్12 అంటే ఏమిటి? ఫైబ్రాయిడ్ రిపోర్టులో ఆ పేరు కనిపిస్తే పిల్లల గురించి భయపడాలా?

మీరు అడిగింది ఇదీ: మీ అక్కకు గర్భసంచిలోంచి ఫైబ్రాయిడ్ గడ్డ తీశారు. ఆ గడ్డ ముక్కకు జన్యు పరీక్ష చేస్తే రిపోర్టులో "మెడ్12, సి.131జి>ఎ, పి.గ్లై44ఆస్ప్, సోమాటిక్" అని వచ్చింది. నెట్‌లో వెతికితే ఒకచోట "జన్యువుల ట్రాన్‌స్క్రిప్షన్ నియంత్రణలో తోడ్పడే మానవ ప్రోటీన్" అని ఒక్క వాక్యం ఉంది. ఇంకోచోట అదే జన్యువు పేరు మీద మగపిల్లల్లో వచ్చే ఎదుగుదల లోపాల జాబితా ఉంది. అక్కకు ఒక కొడుకు, ఒక కూతురు. ఇది పిల్లలకు వస్తుందా, క్యాన్సర్‌గా మారుతుందా, అసలీ ప్రోటీన్ చేసే పనేమిటి అని మూడు ప్రశ్నలు వేశారు.

నేను డాక్టర్‌ని కాను. పదిహేనేళ్లకు పైగా ట్రాన్‌స్క్రిప్షన్ మీద పనిచేసే ల్యాబుల్లో గడిపాను. అందులో కొన్నేళ్లు అచ్చంగా ఈ మెడ్12తోనే కుస్తీ పట్టాను. కాబట్టి వైద్యం విషయం మీ గైనకాలజిస్టుకే వదిలేసి, జన్యువు సంగతి చెబుతాను.

ముందు అక్క టెన్షన్ తగ్గించే మాట. ఆ మార్పు గడ్డలో పుట్టింది. అక్క అండాల్లో లేదు, పిల్లల్లో లేదు. ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కాదు, ఈ మార్పు ఉన్నందువల్ల అది క్యాన్సర్ అయిపోదు. ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానో తెలియాలంటే మీ మూడో ప్రశ్న దగ్గర్నుంచి రావాలి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

"ట్రాన్‌స్క్రిప్షన్ నియంత్రణలో తోడ్పడే ప్రోటీన్" అన్న వాక్యం తప్పు కాదు. కానీ "ఫలానా ఆయన ఆఫీసులో పనిచేస్తారు" అన్నట్టుంటుంది. ఆఫీసరా, అకౌంటెంటా, గేటు దగ్గర ఉంటాడా, ఏమీ తెలియదు. మనిషి కణంలో ఈ వాక్యానికి సరిపోయే ప్రోటీన్లు వందలకొద్దీ ఉన్నాయి. మెడ్12 వాటిలో ఒకటి, అదీ కాస్త విచిత్రమైన ఉద్యోగం చేసేది.

మన ప్రతి కణంలోనూ ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 20,000 ఉంటాయి. కాలేయ కణంలోనూ అవే, గర్భసంచి కండరంలోనూ అవే. తేడా అంతా ఏ పేజీ తెరిచారు, ఏ పేజీ మూసి ఉంచారు అన్నదాంట్లోనే. తెరిచిన పేజీని డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏగా ఎత్తిరాసే పనే ట్రాన్‌స్క్రిప్షన్. ప్రోటీన్ జన్యువుల విషయంలో ఆ ఎత్తిరాసే యంత్రం పేరు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2. 12 భాగాల పెద్ద యంత్రం. చేతివాటం అద్భుతం, కానీ దానికి చూపు లేదు. ఏ జన్యువు దగ్గర ఎప్పుడు మొదలుపెట్టాలో తనంతట తనకు తెలియదు.

ఆ సంగతి తెలిసినవి వేరే ఉన్నాయి. హార్మోన్ వచ్చిందనో, దెబ్బ తగిలిందనో, పెరగమని కబురొచ్చిందనో తెలుసుకుని డీఎన్‌ఏ మీద కొన్ని నిర్దిష్టమైన చోట్ల వాలే ప్రోటీన్లు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్, ప్రొజెస్టిరాన్ రిసెప్టర్ అలాంటివే. వీటిని ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. చిక్కేమిటంటే ఇవి వాలే చోటు ఒక్కోసారి జన్యువు మొదలయ్యే చోటుకు వేల అక్షరాల (డీఎన్‌ఏ రాత ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల్లో ఉంటుంది) దూరంలో, కొన్నిసార్లు లక్షల అక్షరాల దూరంలో ఉంటుంది. మధ్యలో డీఎన్‌ఏ దారం మడతపడి రెండు చోట్లూ దగ్గరికొస్తాయి. అలా దగ్గరికొచ్చాక కూడా ఫ్యాక్టర్ మాట పాలిమరేజ్‌కు నేరుగా చేరదు. మధ్యలో ఒకరు కావాలి.

ఆ మధ్యవర్తి పేరే మీడియేటర్. పేరు పెట్టినవాళ్లు కవిత్వం జోలికి పోలేదు, చేసే పనే పేరుగా పెట్టారు. ఇది దొరికిన తీరు బాగుంటుంది. ఈస్ట్ కణాల్లోంచి పాలిమరేజ్‌నూ, దానికి తప్పనిసరి అనుకున్న సహాయకులనూ శుద్ధిచేసి పరీక్షనాళికలో కలిపితే ఎత్తిరాత జరిగేది. కానీ పైనుంచి ఫ్యాక్టర్ వేసి "వేగం పెంచు" అంటే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. శుద్ధిచేయని ముడి రసం వేస్తే మాత్రం వినేది. అంటే శుద్ధిచేసేటప్పుడు ఏదో పారబోస్తున్నారన్నమాట. రోజర్ కార్న్‌బర్గ్ ల్యాబ్ 1994లో ఆ పారబోస్తున్నదాన్ని పట్టుకుంది. అదే ఏడాది రిచర్డ్ యంగ్ ల్యాబ్ జన్యుశాస్త్రం దారిలో వెళ్లి అక్కడికే చేరింది. ఎత్తిరాత యంత్రాంగం మీద చేసిన పరిశోధనకు కార్న్‌బర్గ్‌కు 2006లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

మనిషి కణాల్లో ఇదే వస్తువును రకరకాల ల్యాబులు రకరకాల దారుల్లో పట్టుకుని ట్రాప్, డ్రిప్, ఆర్క్, క్రిస్ప్ అని ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టారు. మెడ్12కే ట్రాప్230, హోపా అని పాత పేర్లున్నాయి. పాత వ్యాసాలు చదివితే వీటన్నిటినీ వేర్వేరు ప్రోటీన్లనుకునే ప్రమాదం ఉంది, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. 2004లో అందరూ కూర్చుని వరసగా మెడ్1, మెడ్2 అని నంబర్లిచ్చారు. మన మెడ్12 అందులో పన్నెండోది, అంతే. నంబరుకూ ప్రాధాన్యానికీ సంబంధం లేదు.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. మనిషి మీడియేటర్‌లో మొత్తం 30 దాకా భాగాలుంటాయి. తల, నడుము, తోక అని మూడు ముక్కలుగా చెప్పుకుంటారు. ఇవి ఎప్పుడూ కలిసే ఉంటాయి. వీటికి తోడు నాలుగు ప్రోటీన్ల గుంపు ఒకటి ఉంది, అది వచ్చిపోతూ ఉంటుంది. దాన్ని కైనేజ్ మాడ్యూల్ అంటారు. ఆ నలుగురూ ఎవరంటే మెడ్12, మెడ్13, సైక్లిన్-సి, సీడీకే8. ఈ గుంపు వచ్చి మీడియేటర్‌కు అతుక్కుంటే పాలిమరేజ్ కూర్చోవడానికి చోటుండదు. అది వదిలిపోయాకే పాలిమరేజ్‌కు సీటు. అందుకని చాలా పుస్తకాల్లో దీన్ని "బ్రేకు" అని రాసేసి వదిలేస్తారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు. కొన్ని జన్యువులు మొదలవ్వాలంటే ఈ గుంపు ఉండితీరాలి, అది లేకపోతే అవి మొదలే కావు. ఏ జన్యువు, ఏ కణం, ఏ సమయం అన్నదాన్ని బట్టి అది బ్రేకూ అవుతుంది, యాక్సిలరేటరూ అవుతుంది.

ఈ నలుగురిలో మెడ్13 కొక్కెం లాంటిది, గుంపును మీడియేటర్‌కు తగిలిస్తుంది. సీడీకే8 ముద్ర వేసే చెయ్యి. ఎదుటి ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ అతికించి దాని ప్రవర్తన మారుస్తుంది, కైనేజ్ అన్న పేరు అందుకే. సైక్లిన్-సి దాని జోడీ. మరి మెడ్12? చాలాకాలం దాన్ని "మిగతావాటిని కలిపి ఉంచేది" అని తేల్చేశారు. అసలు పని అంతకంటే సొగసైనది.

సీడీకే జాతి కైనేజ్‌లలో టీ-లూప్ అనే చిన్న వంకీ ఒకటి ఉంటుంది. అది సరైన భంగిమలో నిలబడితేనే కైనేజ్ మేలుకుంటుంది. ఆ జాతిలో చాలావాటికి ఇంకో కైనేజ్ వచ్చి ఆ వంకీ మీద ఫాస్ఫేట్ పెట్టి నిలబెడుతుంది. సీడీకే8కి ఆ ఏర్పాటు లేదు. దాని వంకీని పట్టి నిలబెట్టేది మెడ్12. ప్రోటీన్‌ను కట్టే ఇటుకలే అమైనో ఆమ్లాలు; మొత్తం 2,177 అమైనో ఆమ్లాల పొడవైన ఈ ప్రోటీన్‌లో మొదటి వంద చాలు ఆ పనికి. మిగతా రెండువేల చిల్లర లేకుండా ఆ కొస ఒక్కటే కత్తిరించి పరీక్షనాళికలో వేసినా సీడీకే8 మేలుకుంటుంది.

మీ అక్క రిపోర్టులో అంకె గుర్తుందా? 44. మొదటి వందలోనే ఉంది.

ఆ రిపోర్టు లైను కొంచెం దగ్గర్నుంచి చదువుదాం, ఇది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. "సి" అంటే జన్యువులో ప్రోటీన్‌గా మారే అక్షరాల వరస. "131జి>ఎ" అంటే ఆ వరసలో 131వ అక్షరం జి ఉండాల్సినచోట ఎ పడింది. మూడేసి అక్షరాలు ఒక అమైనో ఆమ్లానికి గుర్తు కదా. 43 ఆమ్లాలకు 129 అక్షరాలు అయిపోతాయి. 130, 131, 132 కలిపి నలభై నాలుగోది. అక్కడ మామూలుగా జి-జి-టి ఉంటుంది, అంటే గ్లైసీన్. నడిమి జి పోయి ఎ వచ్చేసరికి జి-ఎ-టి అయింది, అంటే ఆస్పార్టిక్ ఆమ్లం. "గ్లై44ఆస్ప్" అంటే ఇదే. గ్లైసీన్ అమైనో ఆమ్లాలన్నిట్లోకీ చిన్నది, పక్కకు పొడుచుకొచ్చేది ఒక్క హైడ్రోజన్ పరమాణువే. ఇరుకు మలుపుల్లో అందుకే దాన్నే వాడుకుంటుంది ప్రకృతి. ఆస్పార్టిక్ ఆమ్లం దానికంటే పెద్దది, పైగా రుణావేశం మోస్తూ ఉంటుంది. ఇరుకు సందులో ఒకరు ఒదిగి కూర్చున్నచోట మూటాముల్లెతో ఇంకొకరు వచ్చి కూర్చున్నట్టు.

దాంతో ఏమవుతుంది? మెడ్12 పట్టు ఊడిపోయి సీడీకే8 విడిపోతుందని మొదట్లో అనుకున్నారు. తర్వాత జాగ్రత్తగా చూస్తే గుంపు గుంపుగానే ఉందనీ, పట్టుకున్నట్టే ఉందనీ, కైనేజ్ మాత్రం మేలుకోవడం లేదనీ తేలింది. తాళంచెవి తాళంలో దూరింది, తిరగడం లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. గడ్డ అనగానే ఏదో కైనేజ్ రెచ్చిపోయి పనిచేస్తోంది, దాన్ని ఆపే మందు వేస్తే గడ్డ తగ్గుతుంది అనుకోవడం మనకు అలవాటైపోయింది. కొన్ని క్యాన్సర్లలో అది నిజం కూడా. సీడీకే8ను ఆపే మందుల మీద పరిశోధన జరుగుతున్న మాటా వాస్తవమే. అది చదివి ఎవరో మీతో "సీడీకే8 ఇన్హిబిటర్ ఉందట, అక్కకు అడిగి చూడండి" అనొచ్చు. అక్క గడ్డలో జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. ఆ కణాల్లో ఆ కైనేజ్ ఇప్పటికే నిద్రపోతోంది. నిద్రపోయేవాడికి మత్తుమందు ఇచ్చి లాభమేముంది?

ఫైబ్రాయిడ్లకూ దీనికీ లంకె 2011లో బయటపడింది. హెల్సింకీ విశ్వవిద్యాలయంలో లౌరి ఆల్టోనెన్ బృందం 18 ఫైబ్రాయిడ్ల జన్యువులను అక్షరం అక్షరం చదివింది. పదింటిలో ఒకటే జన్యువు దెబ్బతిని ఉంది. అనుమానం తీర్చుకోవడానికి ఇంకో 207 గడ్డలు చూశారు. మొత్తం 225లో 159, అంటే 70 శాతం గడ్డల్లో మెడ్12లో మార్పు. ఆ వ్యాసం వచ్చిన రోజు మా ల్యాబ్‌లో పని ఆగిపోయింది. అప్పటిదాకా మాకు మెడ్12 అంటే ఈస్ట్‌లో, ఈగల్లో చదువుకునే ప్రోటీన్. కోట్లమంది ఆడవాళ్లలో కనిపించే గడ్డకు అది కేంద్రమని ఎవరూ ఊహించలేదు. పైగా దెబ్బలు జన్యువు పొడుగునా చల్లినట్టు లేవు. దాదాపు అన్నీ రెండో ఎక్సాన్ అనే చిన్న ముక్కలోనే, అందులోనూ ఎక్కువభాగం ఆ 44 దగ్గరే.

చిన్న పక్కదారి. ఈగలమీద పనిచేసేవాళ్లకు జన్యువులకు ముచ్చటైన పేర్లు పెట్టే అలవాటుంది. పండ్ల ఈగలో మెడ్12 జన్యువు పేరు "కోహ్తలో". ఫిన్నిష్ భాషలో ఆ మాటకు విధి, తలరాత అని అర్థం. ఆ పేరు పెట్టిన ఇరవై ఏళ్లకు పైగా అయ్యాక ఫిన్లాండ్ బృందమే దాన్ని ఫైబ్రాయిడ్‌లో పట్టుకోవడం కాకతాళీయమే గానీ, తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.

70 శాతం అన్న అంకెను జాగ్రత్తగా చదవాలి. అది గడ్డల లెక్క, మనుషుల లెక్క కాదు. ఒకే గర్భసంచిలో నాలుగు ఫైబ్రాయిడ్లు ఉంటే ఒకదాంట్లో 131 దగ్గర మార్పు, ఇంకోదాంట్లో 130 దగ్గర, మూడోదాంట్లో కొన్ని అక్షరాలు ఎగిరిపోయి, నాలుగోదాంట్లో అసలు మెడ్12 మార్పే లేకుండా ఉండొచ్చు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఈ మాటలోనే దాగి ఉంది. పుట్టుకతో వచ్చిన మార్పయితే అన్ని గడ్డల్లోనూ ఒకేలా ఉండాలి, పక్కనున్న మామూలు కండరంలోనూ ఉండాలి, రక్తంలోనూ ఉండాలి. అలా లేదు. ఒక్కో గడ్డా ఒక్కో కండర కణంలో విడిగా జరిగిన అచ్చుతప్పు నుంచి పెరిగినది. హెల్సింకీ వాళ్లు మామూలు కణజాలంతో పోల్చి చూశాకే ఇవి గడ్డకే పరిమితమని చెప్పారు.

మూలప్రతిలో తప్పుకూ, జిరాక్స్ కాపీలో పడ్డ మరకకూ ఉన్న తేడా అనుకోండి. అమ్మానాన్నల నుంచి వచ్చిన మార్పు మూలప్రతిలో తప్పు. దాన్నుంచి తీసిన ప్రతి కాపీలోనూ అది ఉంటుంది, పిల్లలకిచ్చే కాపీలోనూ ఉంటుంది. దీన్ని జర్మ్‌లైన్ మార్పు అంటారు. అక్కది పెద్దయ్యాక గర్భసంచి కండరంలో ఒకానొక కణం చీలేటప్పుడు పడ్డ మరక. ఆ కణం పిల్లలకే, అంటే ఆ గడ్డకే, అది పరిమితం. దీన్ని సోమాటిక్ మార్పు అంటారు. రిపోర్టులో ఆ మాట ఉందని మీరే రాశారు. గర్భసంచి కండరంలోంచి అండంలోకి ఏ దారీ లేదు. కాబట్టి కొడుక్కీ కూతురికీ వెళ్లే ప్రసక్తే లేదు.

మరి నెట్‌లో చూసిన ఆ భయంకరమైన జాబితా? అదీ నిజమే, కానీ వేరే కథ. మెడ్12 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఇదే జన్యువులో 961వ స్థానంలో ఆర్జినైన్ బదులు ట్రిప్టోఫాన్ వస్తే, అదీ పుట్టుకతో వస్తే, ఒపిట్జ్-కవేజియా సిండ్రోమ్ అనే స్థితి వస్తుంది. కండరాల బిగువు తక్కువ, తల పెద్దగా ఉండటం, మలబద్ధకం, బుద్ధి వికాసంలో లోపం. 1007వ స్థానంలో ఇంకో మార్పు వస్తే లుజాన్ సిండ్రోమ్. రెండింటి సంగతీ 2007లో తేలింది. మగవాళ్లకు ఎక్స్ ఒకటే కాబట్టి ముఖ్యంగా వాళ్లలోనే కనిపిస్తాయి. ఇవి చాలా అరుదు. ఈ స్థానాలు ఆ మొదటి వందలో లేవు, రెండో ఎక్సాన్‌లో లేవు, సీడీకే8ను మేల్కొలిపే కొసకు ఎంతో దూరం. పేరు ఒకటే, చోటు వేరు, పుట్టిన సమయం వేరు. సెర్చ్ ఇంజిన్‌కు జన్యువు పేరు ఒక్కటే తెలుసు, ఫైబ్రాయిడ్‌నూ ఈ రెండు సిండ్రోమ్‌లనూ కలిపి ఒకే కుప్పగా పోసి మీ ముందు పెట్టింది. తప్పు మీది కాదు.

ఎక్స్ క్రోమోజోమ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఒకటి నా కళ్లతో చూసింది చెబుతాను. ఆడవాళ్ల కణాల్లో రెండు ఎక్స్‌లుంటాయి, ఒక్కో కణం వాటిలో ఒకదాన్ని మడిచి మూల పెట్టేస్తుంది. గడ్డ ముక్కలోంచి డీఎన్‌ఏ తీసి శాంగర్ పద్ధతిలో చదివితే కంప్యూటర్ తెర మీద రంగురంగుల శిఖరాలు వరసగా వస్తాయి. ఎ ఆకుపచ్చ, జి నలుపు, సి నీలం, టి ఎరుపు. 131 దగ్గరికొచ్చేసరికి ఒక శిఖరం బదులు రెండు ఒకదాని మీద ఒకటి, నలుపూ ఆకుపచ్చా. మంచి కాపీ, చెడ్డ కాపీ రెండూ ఉన్నాయన్నమాట. అదే ముక్కలోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి చదివితే నలుపు కుంచించుకుపోయి ఆకుపచ్చ ఒక్కటే గోపురంలా నిలబడింది. మంచి కాపీ మూలపెట్టిన ఎక్స్ మీద ఉండిపోయింది, పనిచేసే ఎక్స్ మీద ఉన్నది చెడ్డదే. ఒక్క అచ్చుతప్పుతోనే కణం దారి మారిపోవడానికి కారణం ఇదే. రెండో కాపీ ఉంది, కానీ అటక మీద ఉంది.

ఇంకో సంగతి, ఇది నా సిగ్గు కథ. కొత్తలో ఫైబ్రాయిడ్ ముక్కలు తెచ్చి కణాలను గిన్నెల్లో పెంచి, వాటి మీద నెలల తరబడి ప్రయోగాలు చేశాను. మార్పు ఉన్న కణాలకూ లేనివాటికీ ఏ తేడా కనబడలేదు. ఏదో గొప్ప ఫలితం దొరికిందనుకుని చార్టులు కూడా గీసుకున్నాను. పక్క బెంచీలో సీనియర్ ఒకావిడ "పెంచిన కణాల్లో మళ్లీ ఒకసారి సీక్వెన్స్ చేశావా?" అని అడిగింది. చేశాను. ఆకుపచ్చ శిఖరం ఆనవాలు కూడా లేదు. ఫైబ్రాయిడ్‌లో కండర కణాలతో పాటు ఫైబ్రోబ్లాస్టులనే పీచు కణాలు కూడా పెద్ద సంఖ్యలో ఉంటాయి. మార్పు కండర కణాల్లోనే ఉంటుంది. గిన్నెలో వేస్తే అవి బతకవు, పీచు కణాలు ఆక్రమించేస్తాయి. నెలల తరబడి నేను చదివింది మామూలు కణాలనే. ఈ ఇబ్బంది నా ఒక్కడిదే కాదు, ఈ రంగంలో చాలామందిని ఏడిపించింది.

ఆ రోజు తిట్టుకున్నాను గానీ, తర్వాత ఆలోచిస్తే అందులో అక్కకు పనికొచ్చే కబురే ఉంది. క్యాన్సర్ కణాలు గిన్నెలో వేస్తే కలుపుమొక్కల్లా పెరిగే రకాలు చాలా ఉన్నాయి. ఈ కణాలకు అంత మొండితనం లేదు. చుట్టూ ఉన్న పీచూ, పక్క కణాలూ, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లూ అన్నీ అందితేనే అవి పెరుగుతాయి. నెలసరి ఆగిపోయాక చాలా ఫైబ్రాయిడ్లు కుంచించుకుపోవడం అందుకే. అలాగని ఈ మార్పు ఏమీ చేయని ప్రేక్షకుడు కాదు. ఇదే 131 మార్పును ఎలుక గర్భసంచిలో పెడితే ఎలుకకూ ఫైబ్రాయిడ్ లాంటి గడ్డలు వచ్చాయని 2015లో చూపించారు. గడ్డకు కారణం ఇదే. కానీ ఇది చేసేది గడ్డ, క్యాన్సర్ కాదు.

గర్భసంచి కండరంలో వచ్చే నిజమైన క్యాన్సర్ లియోమయోసార్కోమా. చాలా అరుదైనది, దాంట్లో మెడ్12 మార్పు కనిపించేది కొద్ది కేసుల్లోనే. రొమ్ములో వచ్చే ఫైబ్రోఅడినోమా అనే గడ్డ కూడా మామూలుగా ప్రమాదం లేనిదే. దాంట్లోనూ ఇదే రెండో ఎక్సాన్‌లో ఇవే మార్పులు సగానికి పైగా గడ్డల్లో ఉన్నాయని 2014లో సింగపూర్ పరిశోధకులు చెప్పారు. అక్కడా మార్పు పాల గ్రంథి కణాల్లో కాదు, చుట్టూ ఉండే ఆధార కణజాలంలో. హార్మోన్లకు స్పందించే ఆధార కణాల్లోనే ఈ అచ్చుతప్పు గడ్డగా మారుతుందన్నది నాకు ఇప్పటికీ అతి ఆసక్తికరమైన చిక్కుముడి.

పిల్లల గురించి ఒక్క మినహాయింపు చెప్పాలి, దాచడం మంచిది కాదు. ఫైబ్రాయిడ్లు వచ్చే ధోరణి కుటుంబాల్లో ఉంటుంది. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం కొంత ఎక్కువే. కానీ దానికీ ఈ మెడ్12 మార్పుకూ సంబంధం లేదు. ఎలాగూ యాభై ఏళ్లు వచ్చేసరికి స్కాన్ చేస్తే చాలామంది ఆడవాళ్లలో చిన్నదో పెద్దదో ఏదో ఒకటి కనిపిస్తుంది, అమెరికాలో చేసిన ఒక పెద్ద పరిశీలనలో అది సగానికి మించే ఉంది. నిజంగా వారసత్వంగా వచ్చేదీ, పట్టించుకోవాల్సినదీ ఒకటుంది. ఎఫ్‌హెచ్ అనే వేరే జన్యువులో పుట్టుకతో లోపం ఉంటే చిన్న వయసులోనే చాలా ఫైబ్రాయిడ్లు, చర్మం మీద నొప్పి పుట్టించే గట్టి బొడిపెలు, కుటుంబంలో కిడ్నీ క్యాన్సర్ కనిపిస్తాయి. మీ ఇంట్లో అలాంటి చరిత్ర ఉంటే డాక్టరుకు చెప్పండి. లేకపోతే దాని గురించి ఆలోచించక్కర్లేదు. అక్క గడ్డలో మెడ్12 మార్పు దొరికిందంటే ఆ గడ్డకు కారణం దొరికినట్టే, మామూలుగా ఈ రెండు రకాలూ ఒకే గడ్డలో కలిసి ఉండవు.

మళ్లీ వస్తుందా అని మీరు అడగలేదు గానీ, అక్క తప్పకుండా అడుగుతుంది. తీసేసిన గడ్డ తిరిగి మొలవదు. గర్భసంచి ఉన్నంతకాలం ఇంకో కణంలో ఇంకో అచ్చుతప్పు పడి కొత్త గడ్డ రావచ్చు, అది ఈ రిపోర్టు లేకపోయినా ఉండే అవకాశమే. స్కాన్ ఎప్పుడెప్పుడు చేయించాలో డాక్టర్ చెబుతారు. ఈ రిపోర్టు వల్ల ఆ షెడ్యూలు మారదు, మందులు మారవు. ఈ మార్పును చూసి ఇచ్చే ప్రత్యేకమైన మందు ఇంకా లేదు. ఎవరైనా "మీ జన్యువుకు తగిన" పౌడరో ఆహార ప్రణాళికో అమ్మజూపితే దండం పెట్టి పంపేయండి. పిల్లలకు మెడ్12 పరీక్ష చేయించాల్సిన పని లేదు, డబ్బు దండగ.

ఒక్క పని మాత్రం చేయండి. రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌ను "సోమాటిక్ అని దేన్ని బట్టి రాశారు, రక్తంతో గానీ మామూలు కణజాలంతో గానీ పోల్చి చూశారా?" అని అడగండి. కొన్ని ల్యాబులు గడ్డ ఒక్కటే చదివి, తెలిసిన జాబితా చూసి ఆ మాట రాసేస్తాయి. 44 దగ్గర ఈ మార్పు ఫైబ్రాయిడ్‌లో ఎంత మామూలో తెలుసు కాబట్టి అలా రాసినా నాకు అనుమానం రాదు. కానీ పోల్చి చూశామన్న లైను కాగితం మీద ఉంటే అక్కకు రాత్రి నిద్ర పడుతుంది. వాళ్ల జవాబు వచ్చాక అర్థం కానిదేమైనా ఉంటే ఆ లైను ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. అక్క పేరు, రిపోర్టు నంబరు మాత్రం చెరిపేసి పెట్టండి.